ఐదో తీగ అవసరమా తమ్మీ?

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే మర్రిగూడ నుంచి మా చిన్నమ్మ కొడుకు ఫోన్. బీటెక్ మూడో సంవత్సరం. సెలవుల్లో బత్తాయి లోడింగ్‌కు పోయి, సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్ చెప్పి రెండేళ్లలో 25 వేలు కూడబెట్టాడు.

"అన్నా, బాస్ గిటార్ కొంటున్న. ఐదు స్ట్రింగులది. నల్లగ, కొమ్ములు తిరిగి మస్తుంది. మెటల్ వాయించాల్నంటె ఐదు ఉండాలె గద?"

వెనక నుంచి చిన్నాయన గొంతు: "ఉన్న ఐదు వేళ్లతోని పరీక్షలు రాయమను ముందుగాల!"

నవ్వొచ్చింది కానీ గుండెలో చిన్న కలుక్కు కూడా. ఎందుకంటే ఏడేళ్ల కింద సరిగ్గా ఇదే తప్పు నేను చేశాను. మొదటి జీతంతో ఐదు తీగల బాస్ కొన్నా. ఫొటోలో అదిరిపోయింది. చేతికొచ్చాక, లావు బి తీగ బట్టలారేసే తాడులా వేలాడింది. ఏ నోటు కొట్టినా "బొయ్య్" తప్ప ఇంకేం లేదు. తప్పు నా వేళ్లదే అనుకున్నా. ఆరు నెలలకు వాయించడం మానేశా, సగం ధరకు అమ్మేశా. మళ్లీ బాస్ పట్టడానికి రెండేళ్లు పట్టింది. అందుకే తమ్ముడితో "ఆగు, ఇంకా పైసలు కట్టకు" అన్నా. వాడికి చెప్పిందే మీకూ చెప్తున్నా.

ముందు తీగల లెక్క. మామూలు బాస్‌కి నాలుగు తీగలు: ఇ, ఎ, డి, జి. అన్నిటికంటే లావు తీగ ఇ, సెకనుకు దాదాపు 41 సార్లు ఊగుతుంది. ఐదో తీగ బి అయితే 31 సార్లు. మెటల్ అంటే లోతు కాబట్టి ఐదు కావాలనిపిస్తుంది. కానీ చరిత్ర చూడండి. 1970లో బ్లాక్ సబాత్ మొదటి ఆల్బమ్‌లో గీజర్ బట్లర్ వాయించింది నాలుగు తీగల మీదే. ఐరన్ మెయిడెన్ స్టీవ్ హారిస్ రెండు వేళ్లతో గుర్రపు పరుగు పెట్టించేదీ నాలుగు తీగల ఫెండర్ ప్రెసిషన్ మీదే. మెటాలికా క్లిఫ్ బర్టన్ 1983లో 'కిల్ ఎమ్ ఆల్' ఆల్బమ్‌లో బాస్‌తోనే సోలో కొట్టాడు. అదీ నాలుగే.

మరి ఐదు ఎవరికి? డెత్ మెటల్ వాయించేవాళ్లకు, గిటారిస్టులు బాగా కిందికి ట్యూన్ చేసే బ్యాండ్లకు. క్యానిబల్ కార్ప్స్ అలెక్స్ వెబ్‌స్టర్ ఐదు తీగలతో చేసే పని వింటే తెలుస్తుంది. మన హైదరాబాద్‌లోనే 2015లో మొదలైన గాడ్‌లెస్ బ్యాండ్ ఉంది. 2021లో వచ్చిన వాళ్ల 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' వినండి, అలాంటి సంగీతంలో అడుగున ఎంత బరువు కావాలో అర్థమవుతుంది. కాబట్టి షాపుకు పోయే ముందు అడగాల్సింది "ఏ బాస్?" అని కాదు, "మా గిటారిస్టు ఏ ట్యూనింగ్‌లో వాయిస్తున్నాడు?" అని. మావాడి బ్యాండ్‌ది డ్రాప్ డి. అంటే ఇ తీగను ఒక మెట్టు కిందికి దించితే చాలు.

ఇక్కడ కొంచెం ఇంజినీరింగ్. తీగ బిగువు ఫ్రీక్వెన్సీ వర్గాన్ని బట్టి మారుతుంది. అదే తీగను ఇ నుంచి డికి దించితే బిగువు దాదాపు 20 శాతం పోతుంది. సికి దించితే 37 శాతం. అందుకే కిందికి పోయేకొద్దీ లావు తీగలు వేయాలి. మనకిది కొత్త కాదు. మా ఊళ్లో డప్పు కొట్టేముందు మంట మీద కాపుతారు. చర్మం బిగిస్తేనే దెబ్బ ఖంగుమంటది, లేకపోతే చప్పబడిపోతది. బాస్ తీగ కూడా అంతే. మరీ లోతు కావాలంటే ఐదు తీగల సెట్ కొని, అందులో లావు నాలుగూ మామూలు బాస్‌కి వేయించుకోవచ్చు. కాకపోతే మెడ చివర తీగలు కూర్చునే గాళ్లు కొంచెం వెడల్పు చేయించి, సెటప్ చేయించాలి.

ఐదే కావాలంటే స్కేల్ చూడండి. మామూలుగా 34 అంగుళాలుంటుంది. 35 అయితే బి తీగ ఇంకొంచెం బిగువుగా ఉంటుంది. చవక ఐదు తీగల వాటిలో మొదట చెడేది ఆ బి తీగే. అదే డబ్బుకు నాలుగు తీగలది మెరుగైనది వస్తుంది.

తర్వాత పికప్‌లు. మధ్యలో రెండు ముక్కలుగా ఉండేది పి పికప్. గిటార్ల హోరులో కూడా మొద్దుగా, గట్టిగా వినిపిస్తుంది. బ్రిడ్జి దగ్గర సన్నగా ఉండేది జె. వేలి చప్పుడు, పదును దాంట్లో వస్తాయి. రెండూ ఉంటే పిజె. మొదటి బాస్‌గా మెటల్‌కి నా ఓటు దానికే. యమహా టిఆర్‌బిఎక్స్ 174, ఐబనెజ్ జిఎస్‌ఆర్ 200 లాంటివి ఈ రకమే. ధరలు మారుతుంటాయి, కొనేరోజు చూసుకోండి. యాక్టివ్ బాస్ అయితే లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. వాయించడం అయ్యాక వైరు పీకకపోతే అది కరిగిపోతూనే ఉంటుంది. ఊళ్లో ఆ బ్యాటరీ కోసం తిరగడం ఇష్టం లేకపోతే ప్యాసివ్ తీసుకోండి.

షాపులో ఏం చేయాలి? ముందు యాంప్‌కి పెట్టకుండానే వాయించండి. ప్రతి తీగ మీద ప్రతి ఫ్రెట్ నొక్కండి, ఎక్కడ జరజరమంటుందో చూడండి. పట్టీ వేసుకుని పది నిమిషాలు నిలబడండి. చేయి వదిలితే తల కిందికి వాలిపోతే రోజూ ఎడమ చెయ్యి దాన్ని మోస్తూనే ఉండాలి. 12వ ఫ్రెట్ దగ్గర తీగను తాకీ తాకనట్టు మీటి, తర్వాత నొక్కి మీటి, రెండూ ఫోన్ ట్యూనర్‌లో ఒకే నోటు చూపిస్తున్నాయా చూడండి. తేడా కొంచెమే అయితే సెటప్‌లో సరిచేయొచ్చు. చివరగా ఇ తీగను డికి దించి గట్టిగా కొట్టండి. షాపతను చిరాకు పడితే పడనీ. పైసలు మీవి.

ఉన్నదంతా బాస్ మీదే పెట్టకండి. వైరు, పట్టీ, సెటప్, ఆడియో ఇంటర్‌ఫేస్ లేదా చిన్న బాస్ యాంప్‌కి కొంత ఉంచండి. ఇంట్లో ఉన్న హోమ్ థియేటర్‌కి పెట్టి సౌండ్ పెంచితే స్పీకర్ చిరిగే ప్రమాదం ఉంది.

ఊళ్లో ఉండేవాళ్లకు ఇంకో మాట. యాంప్ ఆన్ చేయగానే "గుయ్య్" మని మోగి, తీగ మీద చెయ్యి పెట్టగానే తగ్గుతుందా? బాస్ పాడైందని వెంటనే షాపుకు పరుగెత్తకండి. ముందు ఇంటి ఎర్తింగ్ చూపించండి. మూడు పిన్నుల ప్లగ్‌లో పెద్ద పిన్ను విరిచి రెండింటి సాకెట్‌లో మాత్రం దూర్చకండి. ఆ లోహపు తీగల మీద ఉండేవి మీ వేళ్లే. మావాడి ఇంట్లో అదే సంగతి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి కొత్త ఎర్త్ గుంత తవ్వించాం. ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమనేది కూడా ఆగింది. చిన్నమ్మ దృష్టిలో బాస్ వల్ల జరిగిన మొదటి లాభం అది.

చివరికి మావాడు హైదరాబాద్ వచ్చి మూడు షాపులు తిరిగాడు. ఆ కొమ్ముల బాస్ కూడా పట్టి చూశాడు. బి తీగ కొట్టి, నా వైపు చూసి, ఏం మాట్లాడకుండా తిరిగి పెట్టేశాడు. నాలుగు తీగల పిజె తీసుకున్నాడు. తీగల సెట్, వైరు, పట్టీ, చిన్న ఇంటర్‌ఫేస్ పోను బస్ చార్జీ మిగిలింది.

మొన్న వాట్సాప్‌లో క్లిప్ పంపాడు. దోస్తు యాంప్ తెచ్చుకుని ముగ్గురూ వాయించారట. ప్లే చేశా. గిటార్ వినిపిస్తోంది, ఫోన్లో పెట్టుకున్న డ్రమ్స్ వినిపిస్తున్నాయి, వీడు మాత్రం లేడు. "ఏం తమ్మీ, నువ్వు వాయించినవా, నిలబడ్డవా?" అని రాయబోయి ఆగా. ఇంతచిన్న ఫోన్ స్పీకర్‌లో అంత లోతు శబ్దం ఎక్కడ పలుకుతుంది? ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ విన్నా. అడుగున నిదానంగా, ఒక్క దెబ్బ తప్పకుండా నడుస్తున్నాడు. వాణ్ని తీసేస్తే పాట మొత్తం కూలిపోతుంది.

క్లిప్ చివర చిన్నాయన గొంతు: "తలుపులు దడదడ అంటున్నయ్‌రా... ఇంకోపారి కొట్టు."