శుక్లమనుకుని జాప్యం చేస్తే నీటికాసులకు చూపు బలి
చిన్న కోత ఆపరేషను ఎవరికి పనికొస్తుంది?

తెనాలి: శుక్లం ముదిరాక చూద్దాంలే అని పల్లెల్లో వృద్ధులు కాలం గడపటం పాత అలవాటే. ఆ మసక వెనుక నీటికాసులు (గ్లకోమా) కూడా వుంటే ఆ జాప్యం చూపునే బలి తీసుకుంటుంది. శుక్లం తీయిస్తే చూపు తిరిగి వస్తుంది. నీటికాసుల వల్ల పోయిన చూపును ఏ ఆపరేషనూ తిరిగి తేలేదు.

కంటిలో ఊరే నీరు బయటకు పోయే దారి పూడుకుపోతే ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతింటుంది. మురుగు కాల్వ పూడిన చేలో నీరు నిలిచి పైరు కుళ్లినట్టే. ఎక్కువమందికి నొప్పి వుండదు. చూపు పక్కల నుంచి తరుగుతుంది గనుక అనుమానమూ రాదు. 1996లో హైదరాబాదులో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల సర్వేలో, సాధారణ రకం నీటికాసులు బయటపడిన నగరవాసుల్లో పదికి తొమ్మిదిమందికి పైగా జబ్బు సంగతే తెలియదు. అప్పటి రాజధానిలోనే అలా వుంటే రేపల్లె లంకల్లో అడగాలా?

చుక్కల మందు సాధారణంగా జీవితాంతం వేసుకోవాలి. ఉబ్బసం వున్నవారికి కొన్ని రకాలు పడవు. లేజరు మరో మార్గం. దానితో మొదలుపెట్టిన రోగుల్లో సుమారు ముప్పాతిక మందికి మూడేళ్లపాటు చుక్కల అవసరం రాలేదని బ్రిటన్‌లో 2019లో వెలువడిన పరిశోధన తేల్చింది.

ఇక ఆపరేషను. 1968 నుంచి వాడుకలో వున్న ట్రాబెక్యులెక్టమీ ఒక రకంగా గట్టుకు కొత్త గండి కొట్టడమే. ఒత్తిడి బాగా దిగుతుంది. కాని కంటి తెల్లగుడ్డును కప్పే పలుచని పొర కింద నీటి బుడగ మిగులుతుంది. దానికి చీము పట్టే ప్రమాదం ఏళ్ల తరబడి వెన్నాడుతుంది. బురద నీటిలో నాట్లు వేసే కూలీలకు ఇది చిన్న విషయం కాదు. మొదటి వారాల్లో పలుమార్లు ఆసుపత్రికి తిరగాలి. రేపల్లె నుంచి తెనాలి మీదుగా గుంటూరు వెళ్లి వస్తే ఆ రోజు కూలి పోయినట్టే.

చిన్న కోత పద్ధతి పాత తూమునే బాగుచేస్తుంది. అమెరికాలో 2012లో అనుమతి పొందిన ఐస్టెంట్ సుమారు మిల్లీమీటరు పొడవు టైటానియం గొట్టం. శుక్లం ఆపరేషనుతోపాటే దానిని అమర్చవచ్చు. గొట్టం ఖరీదు భరించలేనివారికి సూదితోనో, కుట్టు దారంతోనో దారి తెరిచే పద్ధతులున్నాయి. బుడగ బెడద వుండదు, కన్ను త్వరగా కోలుకుంటుంది. అయితే ఒత్తిడి కొంతవరకే తగ్గుతుంది. జబ్బు తొలి, మధ్య దశల్లో వున్నవారికే ఇది ముఖ్యంగా ఉపయోగం. ముదిరిన కేసుల్లో తరచు పాత ఆపరేషనే శరణ్యం.

కనుక శుక్లానికి తేదీ తీసుకునే ముందే కంటి ఒత్తిడి, నరం పరీక్ష అడిగి చేయించుకోవాలి. నీటికాసులు కూడా వున్నట్టు తేలితే రెంటికీ ఒకే ఆపరేషను కుదురుతుందేమో నిపుణులు చెప్పగలరు. బాపట్ల, రేపల్లె వారికి గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, పెదకాకాని శంకర కంటి ఆసుపత్రి, విజయవాడ సమీపాన తాడిగడపలోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యశాల అందుబాటులో వున్నాయి. తల్లిదండ్రులకు ఈ జబ్బు వుంటే నలభై దాటిన బిడ్డలూ చూపించుకోవాలి. ఎర్రబడిన కంటికి మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వేసుకునేవారికీ ఈ ముప్పు వుంది.