గుద్దినవారి పాలసీలో రూ.7.5 లక్షలు

ఇంటి ముందో, ఆఫీసు పక్కనో ఆపి ఉంచిన కారును ఎవరో గుద్దేసి వెళ్లిపోతే ఏం చేయాలో చెప్పేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. ఫొటోలు తీసుకోండి, మీ బీమా కంపెనీకి ఫోన్ చేయండి, సర్వేయరు చూసేదాకా షెడ్డులో పని మొదలుపెట్టనివ్వకండి, వచ్చే ఏడాది తరుగుదల కోయని జీరో డెప్ తీసుకోండి, నో క్లెయిమ్ బోనస్ పోకుండా ఇంకాస్త డబ్బు కట్టి అదనపు కవరేజీ కొనుక్కోండి, కారులో కెమెరా బిగించుకోండి. స్టేషన్‌లో చెప్పేదీ ఇదే, ఏజెంటు చెప్పేదీ ఇదే, పత్రికల వాహన పేజీల్లో రాసేదీ ఇదే. ఈ సలహాలన్నీ నష్టపోయిన మనిషికే. బండి అంగుళం కదపని మనిషే ఫోన్లు చేయాలి, తిరగాలి, డబ్బు కట్టాలి. గుద్దినవారు ఏం చేయాలో, వారి దగ్గర ప్రీమియం పుచ్చుకున్న కంపెనీ ఏం చేయాలో ఎవరూ చెప్పరు.

ఈ సలహాదారులెవరూ ఎత్తని అంకె ఒకటుంది. రూ.7.5 లక్షలు. ప్రైవేటు కారుకు తీసుకునే థర్డ్ పార్టీ బీమాలో ఎదుటివారి ఆస్తి నష్టానికి మామూలుగా ఉండే రక్షణ అది. ద్విచక్ర వాహనానికైతే రూ.1 లక్ష. ఇది ఇష్టముంటే కొనుక్కునే హంగు కాదు, రోడ్డెక్కే ప్రతి బండికీ చట్టం తప్పనిసరి చేసిన బీమాలోనే కలిసి వచ్చేది. పాలసీ కాగితం తీసి చూస్తే టీపీపీడీ అనే పొడి అక్షరాల పక్కన కనిపిస్తుంది. మీ కారు డోరుకు సొట్ట పెట్టి వెళ్లిపోయిన కారుకు బీమా ఉంటే, ఆ సొట్ట ఖర్చుకు ప్రీమియం ముందే చెల్లిపోయింది. ఆ రూ.7.5 లక్షల్లోంచి ఒక్క బంపరు డబ్బు తెచ్చుకున్న మనిషి మీకు తెలిసినవాళ్లలో ఉన్నారా?

లేకపోవడానికి కారణం అందరం సొంత పాలసీ వైపే నడవడం. అలా నడిస్తే ఏమవుతుందో లెక్క వేద్దాం. బంపరు రూ.8,000, రంగు రూ.4,000, కూలి రూ.3,000, మొత్తం రూ.15,000 బిల్లు అనుకోండి. ప్లాస్టిక్ భాగాలకు తరుగుదల 50 శాతం, కాబట్టి బంపరుకు వచ్చేది రూ.4,000. రంగు సామగ్రికీ సగమే, రూ.2,000. కూలి పూర్తిగా ఇస్తారు. ఇందులోంచి 1500 సీసీ దాటని కారుకు తప్పనిసరి కోత రూ.1,000 పోతే చేతికి వచ్చేది రూ.8,000. ఇక్కడితో అయిపోలేదు. అయిదేళ్లు ఒక్క క్లెయిమూ లేకుండా సంపాదించుకున్న 50 శాతం బోనస్ ఈ ఒక్క సొట్టతో సున్నా అవుతుంది. మళ్లీ 20, 25, 35, 45 మెట్లెక్కి 50కి చేరాలి. సొంత డ్యామేజీ ప్రీమియం ఏటా రూ.10,000 చొప్పున మారకుండా ఉందనుకుంటే, ఆ అయిదేళ్లలో అదనంగా కట్టేది 5,000, 3,000, 2,500, 1,500, 500. కలిపితే రూ.12,500. కంపెనీ ఇచ్చింది 8,000, వెనక్కి లాక్కుంది 12,500. తెలిసిన మెకానిక్ ఎవరైనా ఈ లెక్క వేయకుండానే చెబుతాడు, చిన్న పనికి క్లెయిమ్ పెట్టొద్దు సార్, చేతి నుంచి పెట్టుకోండి అని. అతను చెప్పింది నిజం. ఆ నిజాన్ని ఏళ్ల తరబడి సహజమని ఒప్పుకుంటూ రావడమే నన్ను మండిస్తోంది.

ఇదే రూ.15,000 గుద్దినవారి పాలసీ నుంచి వస్తే? ఉన్న రూ.7.5 లక్షల్లో అది 2 శాతం. పైగా నో క్లెయిమ్ బోనస్ లెక్క సొంత డ్యామేజీ ప్రీమియం మీదే కాబట్టి, థర్డ్ పార్టీ కింద చెల్లింపు జరిగితే గుద్దినవారికి బోనస్ కూడా పోదు. వారికి నష్టం లేని దారి ఒకటి సిద్ధంగా ఉండగా, ఏ తప్పూ లేని మనిషి బోనస్ కోసే దారిని వ్యవస్థ అంతా కలిసి రాజమార్గం చేసింది.

కంపెనీలకు ఇది హాయి. తమలో తాము నాక్ ఫర్ నాక్ అనే ఒప్పందం పెట్టుకున్నాయి. తప్పు ఎవరిదైనా ఎవరి కస్టమరు బండికి వాళ్లే కట్టుకుంటారు, ఒకరినొకరు అడగరు. కంపెనీల మధ్య లావాదేవీల ఖర్చు తగ్గించుకోవడానికి అలాంటి ఏర్పాటు ఉంటే అభ్యంతరం లేదు. కానీ ఆ ఒప్పందంలో సంతకం లేని మనిషి బోనస్ ఎందుకు పోవాలి? తరుగుదల, కోతల పేరిట దాదాపు సగం బిల్లు అతని నెత్తిన ఎందుకు పడాలి?

ఇక చట్టం సంగతి. గుద్దేసి ఆగకుండా పోవడం మనుషులకు దెబ్బ తగిలితేనే నేరమని చాలామంది నమ్ముతారు. 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ అలా చెప్పదు. మనిషి గాయపడినా, ఎదుటివారి ఆస్తి దెబ్బతిన్నా డ్రైవరు బాధ్యతలు అక్కడే మొదలవుతాయి. అక్కడ పోలీసు లేకపోతే దగ్గరి స్టేషన్‌కు వెళ్లి వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల్లోగా చెప్పాలి. తన బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. చెప్పకపోతే 187వ సెక్షన్ కింద 2019 సవరణ తర్వాత 6 నెలల దాకా జైలు, రూ.5,000 దాకా జరిమానా. కాలిఫోర్నియాలో స్థిరపడిన మన పిల్లలను అడిగితే, అక్కడ ఆగి ఉన్న కారును తాకి యజమాని కనిపించకపోతే పేరు, చిరునామా రాసిన చీటీ కారు మీద పెట్టి పోలీసులకు చెప్పాల్సిందేనంటారు. చెప్పకుండా పోతే అక్కడా గరిష్ఠ జైలు శిక్ష 6 నెలలే. ఆస్తి నష్టానికి ఆ రాష్ట్రం తప్పనిసరి చేసిన కనీస బీమా 2024 చివరిదాకా 5,000 డాలర్లు, మన డబ్బులో నాలుగు లక్షల పైచిలుకు. మన కాగితం మీద ఉన్నది రూ.7.5 లక్షలు. శిక్ష సమానం, 2024 చివరిదాకా రక్షణ మనదే ఎక్కువ. అయినా అక్కడ గుద్దినవారి కంపెనీకి ఫోన్ పోతుంది, ఇక్కడ గుద్దించుకున్నవారి కంపెనీకి పోతుంది.

స్టేషన్‌కు వెళితే ఎందుకు పని జరగదో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రతిసారీ ఎస్సైని తిట్టి లాభం లేదు. మూడేళ్లలోపు శిక్ష పడే ఈ రకం నేరాలు నాన్ కాగ్నిజబుల్ కిందికి వస్తాయి. మెజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. కాబట్టి దరఖాస్తు తీసుకుంటారు, మహా అయితే జనరల్ డైరీలో రాసి బీమాకు పనికొచ్చే కాగితం ఒకటి ఇస్తారు. అవతలి వ్యక్తి దొరికితే పిలిచి ఎంతో కొంత ఇప్పించి రాజీ చేస్తారు. అతని పాలసీ సంగతి ఆ గదిలో ఎవరూ ఎత్తరు. రెండు, మూడు వేలకు బేరం కుదురుతుంది, రూ.7.5 లక్షల కాగితం అతని డాష్‌బోర్డు అరలోనే ఉండిపోతుంది.

మరి గుద్దినవారు ఎవరో తెలియకపోతే అంటారా? హైదరాబాద్‌లో ఆ మాట చెల్లదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో తెచ్చిన ప్రజా భద్రతా చట్టం జనం ఎక్కువగా వచ్చే సంస్థలన్నీ కెమెరాలు పెట్టి 30 రోజుల ఫుటేజీ దాచాలంది. ఆ తర్వాత నేను సైతం పేరుతో పోలీసులే కాలనీల వెంట పడి, జనం డబ్బుతో కెమెరాలు పెట్టించారు. చందాలు వేసుకున్న కాలనీవాసి తన కారు గుద్దిన దృశ్యం అడిగితే మాత్రం స్టేషన్ నుంచి లెటర్ తెమ్మంటారు. స్టేషన్‌లో ఇది చిన్న విషయం, చూద్దాం అంటారు. చూద్దాం అనుకుంటుండగానే 30 రోజులు గడిచిపోతాయి, రికార్డు చెరిగిపోతుంది. నంబరు ఒక్కటి దొరికితే చాలు, ఎం పరివాహన్ యాప్‌లో ఆ బండికి బీమా ఎప్పటిదాకా ఉందో నిమిషంలో తేలుతుంది.

దీనికి ఎదురుగా వచ్చే వాదనలు రెండు మూడు ఉన్నాయి. వీధిలో కారు నిలపడమే తప్పు, మనుషులు నడవాల్సిన చోటు ఆక్రమించి మళ్లీ ఫిర్యాదా అంటారు కొందరు. దారికి అడ్డంగా నిలిపితే చలానా వేయండి, ఎత్తుకెళ్లండి, చట్టం దానికీ వీలిచ్చింది. తప్పు చోట నిలిపిన కారును గుద్ది పారిపోయే హక్కు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. దొంగ క్లెయిములు పెరుగుతాయంటారు మరికొందరు. సొంత క్లెయిమ్‌కు పంపే సర్వేయరునే దీనికీ పంపవచ్చు.

మూడో వాదన బరువైనది. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు, అలాంటి చోట బంపరు గీతల గురించి సంపాదకీయ పేజీ ఎందుకని. అదే ఏడాది గుద్ది పారిపోయిన ఘటనల్లో చనిపోయినవారు 30,486 మంది. ఆ పారిపోవడం ఎక్కడ అలవాటవుతుందో ఆలోచించాలి. గల్లీలో వాటర్ ట్యాంకరు వెనక్కి తీస్తూ కారు అద్దం విరగ్గొట్టి, అటూ ఇటూ చూసి వెళ్లిపోయిన డ్రైవరును ఎవరూ అడగరు. సెల్లారులో పక్క ఫ్లాటు కారును గీకి, ఏమీ ఎరగనట్టు లిఫ్టెక్కిన ఉద్యోగినీ ఎవరూ అడగరు. ఆగకపోయినా ఏమీ కాదని ఇద్దరూ ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. 2024 జనవరిలో కొత్త శిక్షా సంహితలోని 106(2) మీద లారీ డ్రైవర్లు సమ్మెకు దిగడంతో హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు బండ్లు బారులు తీరిన రోజున పదేళ్ల జైలు గురించి గంటల కొద్దీ చర్చించాం. 24 గంటల్లో చెప్పాలన్న 134వ సెక్షన్ 1988 నుంచి ఉందని, దాన్ని సరిగా అమలు చేయలేదని ఆ రోజు అన్నవారు నాకు కనిపించలేదు.

బీమా లేని బండ్ల మాటేమిటన్న ప్రశ్న మాత్రం న్యాయమైనది. రోడ్డు మీది వాహనాల్లో సగానికి పైగా బీమా లేకుండా తిరుగుతున్నాయని పార్లమెంటు స్థాయీ సంఘం ముందుకే లెక్కలు వచ్చాయి. వాటికి రూ.7.5 లక్షలూ లేవు, రూ.1 లక్షా లేదు. అక్కడ యజమాని జేబు నుంచే రాబట్టాలి, 196వ సెక్షన్ కింద మొదటిసారికి ఉన్న రూ.2,000 జరిమానా ఎవరినీ భయపెట్టదు. అలాగని ఆ సగాన్ని చూపించి, ప్రీమియం కట్టిన మిగతా సగం దగ్గరా పాలసీని నిద్రపుచ్చడం కుదరదు.

ఇంతకంటే దారుణం ఇంకొకటుంది. కారు యజమాని కోరితే ఈ రూ.7.5 లక్షల రక్షణను రూ.6,000కు కుదించుకోవచ్చు. ప్రతిఫలంగా ప్రీమియంలో తగ్గేది రూ.100. 1988 నాటి చట్టంలో ఎదుటివారి ఆస్తికి పెట్టిన పరిమితి ఆ రూ.6,000. ఈ రోజు కారు హెడ్‌లైటు ఒక్కటి మార్చడానికైనా అది చాలుతుందన్న నమ్మకం లేదు. కుదించుకున్న మనిషికి మిగిలేది వంద రూపాయలు, ఎదుటి మనిషి కోల్పోయేది రూ.7,44,000 మేరకు రక్షణ. ఎదుటి మనిషి హక్కును అతన్ని అడగకుండా వంద రూపాయలకు అమ్మే ఈ వెసులుబాటును బీమా నియంత్రణ సంస్థ ఇన్నాళ్లు ఎలా సాగనిచ్చింది?

చేయాల్సిన పనులకు కొత్త చట్టం అక్కర్లేదు. ఆస్తి నష్టం కేసులు వినే అధికారం 165వ సెక్షన్ కింద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు ఉంది. 2019లో తిరగరాసిన 149వ సెక్షన్ ప్రకారం ప్రమాద సమాచారం అందగానే కంపెనీ ఒక అధికారిని నియమించాలి, 30 రోజుల్లో పరిహార ప్రతిపాదన పెట్టే ఏర్పాటూ అందులో ఉంది. రూ.15,000 బంపరు కోసం వకీలును పెట్టుకుని ట్రిబ్యునల్ చుట్టూ ఎవరూ తిరగరని కంపెనీలకు బాగా తెలుసు. కాబట్టి కొంత పరిమితి లోపు నష్టాలకు జనరల్ డైరీ నకలు, ఫుటేజీ, సర్వేయరు నివేదిక చూసి గుద్దిన బండి కంపెనీయే నేరుగా చెల్లించేలా చేయాలి. ఆగి ఉన్న బండికి జరిగిన నష్టానికి సొంత పాలసీ మీద క్లెయిమ్ చేసినా బోనస్ కోయకూడదని నియంత్రణ సంస్థ ఒక సర్క్యులర్ ఇవ్వాలి. నష్టపోయినవారు అడిగిన 48 గంటల్లో ఫుటేజీ భద్రపరచాలని రెండు తెలుగు రాష్ట్రాల డీజీపీలు స్టేషన్లకు ఆదేశాలివ్వాలి. ఇందులో ఏదీ బడ్జెట్ అడిగే పని కాదు.

చేయరు. ఎందుకంటే నష్టపోయినవాడు నోరు మూసుకుని కట్టుకుంటున్నంత కాలం ఎవరికీ నొప్పి లేదు. కంపెనీకి క్లెయిమ్ మిగులుతుంది, స్టేషన్‌కు కేసు మిగులుతుంది, గుద్దినవారికి పరువు మిగులుతుంది. పైగా అదే నష్టపోయినవాడికి జీరో డెప్, బోనస్ రక్షణ అంటూ మరో రెండు సరుకులు అమ్ముతారు. మన తప్పు లేకుండా వచ్చే ఖర్చుకు మన చేతే రెండోసారి బీమా కట్టించడం వ్యాపారం కావచ్చు, దాన్ని వినియోగదారుల అవగాహన అని పత్రికలు పిలవడం సిగ్గుచేటు. నియంత్రణ సంస్థ ఏటా క్లెయిముల నివేదికలు అచ్చు వేస్తుంది. ఆగి ఉన్న వాహనాల యజమానులకు ఎదుటి బండి పాలసీ నుంచి ఏ కంపెనీ ఎంత చెల్లించిందో ఈ ఏడాది కంపెనీల వారీగా అందులో వేయమనండి. రూ.7.5 లక్షల చొప్పున ఎన్ని కోట్ల పాలసీలకు ప్రీమియం పుచ్చుకున్నారో ఆ పక్క గడిలోనే వేయమనండి. ఆ రెండు అంకెలూ బయట పెట్టకుండా, విరిగిన బంపరుతో షెడ్డు ముందు నిలబడ్డ మనిషిని జీరో డెప్ ఎందుకు తీసుకోలేదని అడిగే హక్కు వీళ్లలో ఎవరికీ లేదు.