ఇంటి నీటికి ఒక తాళం

వంటింటి కుళాయి మెడ విరిగితే నీరు ఆపేదెవరు? చాలా ఇళ్ళలో వాల్వు డాబాపై ట్యాంకు ప్రక్కనే ఉంటుంది. ఇంటి యజమాని గల్ఫులో, పిల్లలు బడిలో ఉన్న వేళ మోకాళ్ళ నొప్పులతో ఉన్న దాదీమా మెట్లెక్కగలరా? అంతలో వెయ్యి లీటర్ల ట్యాంకు గదులలోకి ఖాళీ కావలసిందే. అందువల్ల వంటింటికి, స్నానాల గదికి చెరొక వాల్వు చేతికందే ఎత్తులో ఉండాలని మేము కోరుతాము. గోడ బయట కనిపించే సీపీవీసీ పైపయితే ఈ పని ఓపికగలవారెవరైనా చేసుకోవచ్చు.

గేట్ వాల్వు వద్దు. బోరు నీటి ఉప్పు పేరుకొని, అవసరమైన నాడే అది మొరాయిస్తుంది. బాల్ వాల్వు పిడిని పావు చుట్టు త్రిప్పితే చాలు. పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్లు, అడ్డంగా ఉంటే మూసినట్లు, చూడగానే తెలుస్తుంది. పైపు కొలతదే, రెండు వైపులా యూనియన్ ఉన్నదే తీసుకోండి. చెడినప్పుడు పైపు కోయకుండానే మార్చవచ్చు.

పైపు కోయకముందే దాదీమాను పిలిచి, ఆమె చేయి సులువుగా అందిన చోట గుర్తు పెట్టండి.

ఉజూకు, వంటకు కావలసిన నీరు బిందెలలో పట్టుకొని, ట్యాంకు వాల్వు మూసి, క్రింది కుళాయి తెరిచి పైపును ఖాళీ చేయండి. వాల్వు మొత్తం పొడవు నుండి, రెండు కొసలలో పైపు దూరే లోతును తీసివేసి, మిగిలినంత ముక్కనే కోయాలి. తొందరపడేవారు ఇక్కడే ఎక్కువ కోసి, తరువాత జాయింటు కోసం దుకాణానికి పరుగెత్తుతారు. కోసిన అంచుల పొట్టు గీకి, తడి తుడవండి. యూనియన్ నట్లను ముందుగా పైపుపైకి ఎక్కించండి. ఇది మరచి కొసలను అతికిస్తే నట్టు ఇక లోపలికి పోదు. వాల్వును విడదీసి, కొసలను మాత్రమే సీపీవీసీ సాల్వెంటుతో అతికించాలి. రబ్బరు రింగులకు సాల్వెంటు తగలరాదు. పైపును లోపలికి నెట్టి కొంచెం త్రిప్పి, అర నిమిషం కదలకుండా పట్టుకోండి. డబ్బాపై వ్రాసిన వ్యవధి గడిచాకే వాల్వు బిగించి నీరు వదలండి.

ఇనుప పైపులు, గోడలో పూడ్చినవి ప్లంబరుకే అప్పగించడం మేలు. మోటారు నుండి ట్యాంకుకు ఎక్కే పైపుపై ఇటువంటి వాల్వు పెట్టరాదు. అది మూసి ఉండగా మోటారు నడిస్తే పైపులు తెగవచ్చు.

వాల్వును నెలకొకమారు త్రిప్పుతూ ఉండండి. కదలని బాల్ వాల్వు కూడా బిగుసుకొంటుంది.