మందకెల్ల నొకే మందా?

2019వ సంవత్సరపు పశుగణనలో గొఱ్ఱెల సంఖ్యయందు తెలంగాణము ప్రథమస్థానమును, ఆంధ్రప్రదేశము ద్వితీయస్థానమును పొందినవి. ఈ సంపదను లోలోపల పీల్చివేయు శత్రువులలో హీమాంకస్ అను నట్ట ముఖ్యమైనది. ఇది గొఱ్ఱె నాలుగవ పొట్టలో కాపురముండి దినమునకు సుమారు 0.05 మిల్లీలీటరు నెత్తురు త్రాగును. వేయి నట్టలున్నచో దినమునకు 50 మిల్లీలీటర్ల నష్టము.

కాలమెఱిగి నడచుటయే దీని బలము. పచ్చికపై నున్న పిల్లపురుగు ఏమియు తినక, పైపొరలో దాగి, కూడబెట్టిన క్రొవ్వుతో బ్రతుకును. గొఱ్ఱె కడుపు చేరగనే అచ్చటి వెచ్చదనమును, బొగ్గుపులుసు వాయువును గుర్తించి పొరను విడచును. దాని జన్యువులు మాఱవు. వానిలో నేవి పనిచేయవలెనో, ఏవి యూరకుండవలెనో అను నేర్పాటు మాఱును. నెత్తుటిని జీర్ణించుకొను జన్యువు లప్పుడు మేల్కొనును. 2013లో దీని జన్యుపటమును ప్రకటించిన శాస్త్రజ్ఞులు దశదశకును గలుగు నీ మార్పును వివరించిరి. బయట ఋతువు ప్రతికూలమైనచో పిల్లపురుగు పొట్టగోడలో నెదుగుట మాని, నెలల తరబడి నిద్రించి, అదనెఱిగి లేచును. నిద్రించు పురుగుపై కొన్ని మందులు చక్కగా పనిచేయవు.

ఇట్టి శత్రువుతో మనము పంచాంగము చూచి పోరాడుచున్నాము. గడువు వచ్చినదని మందకంతటికి మందు త్రాగించుచున్నాము. 1961లో థయాబెండజోల్ అను మందు వచ్చెను. 1964 నాటికే దానికి లొంగని నట్టలు బయటపడెను. ఇచ్చట మాఱినది జన్యువే. లొంగు పురుగులు చావగా, లొంగనివే విత్తనమునకు మిగులును.

కావున వానకాలమున తఱచుగా ప్రతి గొఱ్ఱె కనురెప్ప లోపలి రంగు చూచి, పాలిపోయినవానికే తూకమును బట్టి మందీయవలెనని మా యభిప్రాయము. దక్షిణాఫ్రికాలో నేర్పడిన యీ పద్ధతికి ఐదు తరగతుల రంగుల పటము గలదు. కార్జపు జలగవలనను కన్ను పాలిపోవును గనుక పశువైద్యుని సలహా అవశ్యకము.

“నట్టలను కావలెనని బ్రతుకనిత్తుమా?” అని కాపరు లడుగవచ్చును. మందుకు లొంగు నట్టల సంతతి కొంత మిగిలియున్నపుడే, లొంగనివాని సంతతి పచ్చికనంతను ఆక్రమింపకుండును. పచ్చిక యుమ్మడిది, ఒక్కరి జాగ్రత్త చాలదు. రంగుల పటమును, త్రాసును సంఘమే కొని, సభ్యులందఱును ఒకే కట్టుబాటున నడచుట మేలు.