వాటా కొన్నా అద్దెదారేనా?

ఇంగ్లండ్‌లో మార్కెట్ ధరకు ఇల్లు కొనలేని కుటుంబాల కోసం షేర్డ్ ఓనర్‌షిప్ పథకం ఉంది. ఇంట్లో 10 నుంచి 75 శాతం వాటా కొని, మిగతా వాటాకు ఏటా పెరిగే అద్దె కట్టాలి. వాటా పావే అయినా సర్వీస్ చార్జీ భారం సాధారణంగా మొత్తం కొన్నవారిదే.

2007లో అక్కడి హైకోర్టు, సగం వాటా కొన్న మహిళ చట్టం దృష్టిలో అద్దెదారేనని తేల్చింది. అద్దె బకాయితో ఇల్లూ పోయింది, వాటా హక్కూ పోయింది. ఈ లొసుగు పూడ్చడానికి 2025 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

మనకూ సగం హక్కులు కొత్త కాదు. అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. అయితే ఆ ఆంక్ష పేదల భూమి పెత్తందార్ల పాలు కాకుండా పెట్టింది. ఇంగ్లండ్ షరతు కాపాడింది అద్దె వసూలు చేసేవారిని.

అందుకే ఏ గృహ పథకాన్నైనా ముందు అడగాల్సింది: బకాయిపడిన రోజున ఇల్లెవరిది?