మూణ్ణెల్లు దాటినా మా గొంతులు మిగలాలి: ఒక ప్రణాళిక

ఊళ్లో చెప్పిన మాట, ఊరివాళ్లు పాడిన కథ రేడియోలో ఒక్కసారి మోగి గాలిలో కలిసిపోతే మేం ఇక ఊరుకోం. ప్రసారం చేసిన కార్యక్రమాలను మూడు నెలలు భద్రపరచాలని కమ్యూనిటీ రేడియో మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఫిర్యాదు వస్తే విచారించడానికి ఆ గడువు చాలు. ఒక ప్రాంతం జ్ఞాపకానికి చాలదు. హార్డ్ డిస్క్ నిండిన రోజున ముందుగా పోయేది ముసలమ్మ పాటే.

కమ్యూనిటీ రేడియో మనకు ఊరికే రాలేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2002లో స్టేషన్ పెట్టే అనుమతి విద్యాసంస్థలకే దక్కింది. స్వచ్ఛంద సంస్థలకు 2006 దాకా దారి తెరవలేదు. జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న ప్రసారం మొదలుపెట్టింది. లైసెన్సు రాకముందే ఏళ్ల తరబడి ఆ ఆడవాళ్లు పాటలు, సాగు ముచ్చట్లు రికార్డు చేసి, తమ ఊరి మహిళా సంఘాల్లో కూర్చుని క్యాసెట్ల మీద వినిపించుకున్నారు. అంటే ట్రాన్స్‌మిటర్ కంటే ముందు రికార్డింగే ఉంది. ఊరి గొంతులను దాచే మా ఉద్యమం అక్కడి నుంచే మొదలవుతోంది.

చిందు కళాకారిణి ఎల్లమ్మ 2005లో, ఒగ్గుకథ కళాకారుడు చుక్క సత్తయ్య 2017లో కన్నుమూశారు. వాళ్లు పేరున్నవాళ్లు కాబట్టి వాళ్ల గొంతు కొంతైనా దక్కింది. పేరు పొలిమేర దాటని మేళాల సంగతి ఎవరు చూస్తారు? మేమే చూడాలి.

రాత్రంతా సాగే మల్లన్న కథను ప్రసారానికి అరగంటకు కుదించవచ్చు. అసలు రికార్డింగును మాత్రం కోయకూడదు. డోలు, తాళాలు, వంతపాట, మధ్యలో జనం వేసే కేకలు, ఏడ్చే చంటిపిల్ల, అన్నీ ఉండాలి. కథకుడు ఆ ఊరివాళ్లను చూసే కథను పెంచుతాడు, తగ్గిస్తాడు. జనం గొంతు తీసేస్తే ఆ పెంపు ఎందుకో తర్వాతివాళ్లకు అర్థం కాదు. ఉపన్యాసాలకూ ఇదే మాట: వక్త ప్రసంగం ఒక్కటే కాదు, చివర రైతులు అడిగిన ప్రశ్నలూ ఉంచాలి. చాలాసార్లు అసలు విషయం వాటిలోనే ఉంటుంది.

ప్రతి రికార్డింగు మొదట్లో ఊరు, తేదీ, మాట్లాడేవారి పేరు మైకులోనే చెప్పించాలి. కాగితం పోయినా అది పోదు. ఒక కాపీ స్టేషన్లో, ఒకటి వేరే ఊళ్లో, ఒకటి పాడినవారి ఇంట్లో ఉండాలి. పాడినవారిని అడగకుండా ఎవరికీ ఇవ్వకూడదు, అమ్మకూడదు. కులపురాణాల విషయంలో ఇది మరీ ముఖ్యం. జాంబపురాణం చెప్పే చిందు మేళానికి తమ కథ ఎక్కడికి వెళ్లాలో తేల్చే హక్కు ఉంది.

కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు ప్రసారం చేయకూడదన్న నిబంధనను చూపి కొందరు గ్రామసభ జోలికే వెళ్లరు. నిషేధం ప్రసారానికే, రికార్డు చేసి దాచుకోవడానికి కాదు. చెరువు గురించి సభలో ఎవరేమన్నారో పదేళ్ల తర్వాత ఊరు వినగలగాలి.

రాబోయే సంక్రాంతికి జహీరాబాద్ ప్రాంతంలో పాత పంటల జాతర ఎడ్లబండ్లు ఊరూరా తిరిగేటప్పుడు మేం వెంట నడుస్తాం. కొర్ర, సామ, పచ్చజొన్న విత్తనం చేతిలో పట్టుకుని ఆడవాళ్లు చెప్పే మాటలను పూర్తిగా రికార్డు చేస్తాం. మీ ఇంట్లో పాత క్యాసెట్లుంటే, ఫోన్లలో జాతర పాటలుంటే తీసుకురండి, కాపీ చేసుకుని అక్కడికక్కడే తిరిగిస్తాం.