నోవహు ఇల్లాలు



గతమాసమున మా యింట టెలివిజనునందు ‘ఇవాన్ ఆల్మైటీ’ యను నాంగ్ల హాస్యచిత్రమును జూచితిమి. 2007వ సంవత్సరమున టామ్ షాడ్యాక్ దర్శకత్వమున వెలువడిన యీ చిత్రము, బైబిలునందలి నోవహు కథను నేటి యమెరికా దంపతుల సంసారములో నిలిపినది. పిల్లలు పొట్టచెక్కలగునట్లు నవ్విరి, నేనును నవ్వితిని. కాని యొక్క తలంపు మాత్రము నన్ను విడువలేదు.

మూలకథ మీ రెఱిగినదే. దేవుని యాజ్ఞచే నోవహు 300 మూరల పొడవు, 50 మూరల వెడల్పు, 30 మూరల యెత్తు గల యోడను గట్టెను. ఆతని ముగ్గురు కుమారుల పేర్లును ఆదికాండమున గలవు. భార్య పేరు మాత్రము లేదు. ఆమె పలికిన మాట యొక్కటియు లేదు. మన భాగవతమున మత్స్యావతార కథయు నట్టిదే. సత్యవ్రతుడు సప్తర్షులతో, ఓషధులతో, బీజములతో నావ నెక్కును. ఇల్లాలి ప్రసక్తి యేది?

చిత్రమున నా ఇల్లాలికి పేరు గలదు: జోన్. లారెన్ గ్రాహమ్ యీ పాత్రను ధరించినది. స్టీవ్ కారెల్ ధరించిన యామె భర్త ఇవాన్, వార్తలు చదువు వృత్తి విడిచి, కాంగ్రెసు సభ్యుడై, కుటుంబముతో వర్జీనియాకు వచ్చును. అచ్చట దేవుడు ప్రత్యక్షమై యోడ గట్టుమనును. గడియారము 6 గంటల 14 నిమిషములకే మ్రోగును. ఓడను గూర్చిన యాజ్ఞ ఆదికాండము 6వ అధ్యాయము 14వ వచనమున నున్నది గదా! గొరిగిన గడ్డము మరల బెరుగును. జంతువులు జంటలు జంటలుగా వెంటబడును. ఊరెల్ల నవ్వును.

భర్తకు మతి చలించెనని జోన్ పిల్లలతో వెడలిపోవును. దారిలో నొక భోజనశాలయందు దేవుడు వడ్డించువాని రూపమున నామెను బలుకరించును. ఓర్పు కోరినవారికి దేవుడు ఓర్చుకొనవలసిన సందర్భమునే యిచ్చునని యా మాటల భావము. ఆమె మరలివచ్చి పనిలో జేయి గలుపును.

అచ్చట నా నవ్వు ఆగినది. మూడేండ్ల క్రిందట మావారు, ఇంటికప్పు బాగుచేయుటకై దాచిన సొమ్మును నాతో జెప్పక యొక పేద విద్యార్థి చదువున కిచ్చిరి. నేను పుట్టినింటికి బోయి పదునొకండు దినము లుంటిని. “ఇచ్చుట తప్పా, చెప్పకుండుట తప్పా?” యని మా తల్లిగారడిగిరి. తిరిగివచ్చి మావారితో నా మాటనే యంటిని. వారు తల వంచుకొనిరి. ఆ వానకాలమెల్ల కారుచోటులం దిద్దఱమును గిన్నెలు పెట్టితిమి.

కావున జోన్ మనస్సు నాలుగు మాటలతో మాఱుట నాకు లోపముగా దోచెను. అలిగిపోయిన యిల్లాలు మరలివచ్చుట కంత సులభమా? పోయినందుకు గాని, వచ్చినందుకు గాని యామెను దూఱరాదు. ఆ రెంటి నడుమ నామె యాలోచించినదే కథకు ప్రాణము. చిత్రకారులు దానిని త్వరగా దాటి, ఆనకట్ట తెగుటకును, ఓడ వాషింగ్టను వీథుల బడి పరువెత్తుటకును బోయిరి.

ఐనను ఆమెకు బేరును నోరును ఇచ్చినందుకు సంతసించితిని. వాన 40 దినములు గురిసినదట. నీరు 150 దినములు నిలిచినదట. ఓడ నెవరు గట్టిరో గ్రంథము చెప్పుచున్నది. అన్నిదినములు అందఱికి వండి వడ్డించిన దెవరో మనమే యూహించుకొనవలయును.